పిల్లికూన తూకము

ధర్మవరము పట్టుచీరల పేరు వినని తెలుగువారు అరుదు. ఆ చీరలు ఒక్క ధర్మవరము పట్టణమునందే గాక చుట్టుపట్ల గ్రామములలోను నేయబడుచున్నవి. ధర్మవరమునకు సమీపముననే, అనంతపురమునుండి కదిరికి పోవు రాజమార్గముపై బత్తలపల్లి యను గ్రామము కలదు. ఇది పూర్వము అనంతపురము జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరమున నూతనముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఈ సీమలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. మెట్టపొలములలో వేరుసెనగ పండును. వేరుసెనగ నిలువచేయు ఇంట ఎలుకలు చేరుట సహజము. ఎలుకలున్న చోట పిల్లియు నుండును.

నేతగాని ఇంట పిల్లికి మరింత గౌరవము. మగ్గముపైనున్న పడుగును ఒక్క ఎలుక ఒక్క రాత్రి కొఱికినచో అనేక దినముల శ్రమ వ్యర్థమగును. అందుచేత ఆ ఇంటివారు పిల్లిని పెంచుచున్నామని చెప్పుకొనకపోయినను, అది మగ్గపు గుంటలో పండుకొన్నప్పుడు తరిమివేయరు. నేను చెప్పబోవు పిల్లికూనలు అట్టి గుంటలోనే పుట్టినవి.

అవి మూడు. ఒకటి నల్లది, ఒకటి చారలది, మూడవది తెల్లది. అవి పుట్టిన వారము దినములకు తల్లిపిల్లి రాత్రివేళ రోడ్డు దాటుచు లారీ క్రిందపడి మరణించినది. కూనలకు అప్పుడప్పుడే కన్నులు విచ్చుచుండెను. ఇంటివారు దయగలవారు. గుడ్డవత్తిని ఆవుపాలలో ముంచి కూనల నోటికందించిరి. మూడింటిలో తెల్లకూన మిక్కిలి ఆరోగ్యముగా ఉన్నట్లు అందరికిని తోచినది. దాని పొట్ట గుండ్రముగా నుండెను. అది అరవక నిదురించుచుండెను. "కడుపు నిండుగా ఉండాది, ఇదొక్కటీ బతుకుతాది నాయనా" అని ఆ ఇంటి అవ్వ అనెను. మూడవనాటి ఉదయమున చూడగా తెల్లకూనయే చనిపోయి యుండెను.

ఆ ఇంటి పిల్లవాడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. తెల్లకూన మరణము వానికి దుఃఖముతో పాటు ఆశ్చర్యమును కూడ కలిగించినది. బాగుగా ఉన్నదనుకొన్నదే ముందుగా ఏల చనిపోయినది? వాడు మిగిలిన రెండింటిని తీసికొని, పట్టునూలును జరీని తూచుటకు ఇంటనున్న చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుపై ఒక్కొక్కదానిని ఉంచెను. నల్లది 138 గ్రాములు, చారలది 120 గ్రాములు తూగినవి. ఆ అంకెలను గోడకున్న క్యాలెండరు వెనుకప్రక్కన వ్రాసెను. మరునాడు అదే వేళకు తూచెను. నల్లది 136, చారలది 114.

చారలకూన ఒక్క దినమున 6 గ్రాములు తగ్గినది. ఇది స్వల్పమని మనకు తోచును. ఒక తులమున సగమే కదా! కాని 120 గ్రాముల శరీరమునకు 6 గ్రాములనగా నూటికి 5 వంతులు. 60 కిలోగ్రాముల మనుష్యుడు ఒక్క రాత్రిలో 3 కిలోగ్రాములు తగ్గినట్లు. అట్టివానిని ఇంటివారు వెంటనే ఆసుపత్రికి కొనిపోవుదురు. కూనను చూచి మాత్రము ఎవ్వరికిని ఏ తేడాయు కనిపింపలేదు.

కంటికి కనిపింపకపోవుటకు కారణము లేకపోలేదు. పిల్లికూన శరీరమంతయు మెత్తని రోమములతో నిండియుండును. ఆ రోమముల క్రింద ఎముకలు తేలినను మనకు తెలియదు. చిన్నకూన ఆరోగ్యముగా ఉన్నను దినములో అధికభాగము నిదురించును; జబ్బుగా ఉన్నను నిదురించును. ఇక పొట్ట సంగతి. పాలు జీర్ణము కాక వాయువు చేరినను, కడుపులో పురుగులున్నను పొట్ట గుండ్రముగానే ఉండును. తెల్లకూన విషయమున అవ్వను మోసగించినది ఆ పొట్టయే. త్రాసునకు రోమములు అడ్డురావు, నిదుర అడ్డురాదు.

పిల్లవాడు ఆ కాగితమును కూనలను పట్టుకొని పశువైద్యుని కడకు పోయెను. వైద్యుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న "తూకమెంత?" అని. పిల్లవాడు కాగితము చూపగా ఆయన సంతోషించి, "నిన్నటి తూకము కూడ వ్రాసినావే! చాలమంది ఇది తేరు" అనెను. తరువాత ఆయన చెప్పినదంతయు మనము కూడ తెలిసికొనదగినది.

పిల్లికూన పుట్టినప్పుడు సామాన్యముగా 85 మొదలు 115 గ్రాముల వఱకు తూగును. సుమారు 100 గ్రాములనుకొనవచ్చును. పూర్వపు తూకములలో చెప్పవలెనన్న ఇది ఇంచుమించు మూడు పలములు. మన దేశమున 1958నుండి మెట్రిక్ తూకములు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. అంతకుముందు మన పెద్దలు 3 తులములను ఒక పలమనియు, 40 పలములను ఒక వీశె యనియు లెక్కించెడివారు. పుట్టిననాటి మూడు పలముల కూన ప్రతిదినమును 10 మొదలు 15 గ్రాముల వఱకు పెరుగవలెను. అనగా రోజునకు దాదాపు ఒక తులము. ఏడు మొదలు పది దినములలో దాని బరువు రెండింతలగును. నాలుగు వారములకు సుమారు 450 గ్రాములు, ఎనిమిది వారములకు సుమారు 900 గ్రాములు తూగును. ఆ తరువాత కొన్ని మాసములు నెలకు దాదాపు 450 గ్రాముల చొప్పున పెరుగుచుండును. ఆడకూనలు మగకూనలకంటె కొంచెము తేలికగా ఉండును.

ఈ లెక్క ప్రకారము పది దినముల వయస్సుగల మన కూనలు 200 గ్రాములకు సమీపముగా ఉండవలసినవి. 138, 120 అను అంకెలు చూడగానే వైద్యునికి విషయము బోధపడినది. అవి తల్లి పోయిన మూడుదినములుగా పెరుగుట లేదు సరికదా, తరుగుచున్నవి.

ఆవుపాలు త్రాగుచుండగా ఏల తరుగవలెను? ఆవుపాలు అమృతతుల్యమని మనము వినుచుందుము. దూడకు అది నిజమే. కాని ఒక్కొక్క జంతువు పాలు ఆ జంతువు పిల్ల పెరుగు వేగమునకు తగినట్లుగా ప్రకృతిచే కూర్చబడినవి. పందొమ్మిదవ శతాబ్దము చివర స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున బుంగె యను శాస్త్రజ్ఞుడు తన శిష్యులతో కలిసి ఈ విషయమును పరిశీలించెను. పుట్టిననాటి బరువు రెండింతలగుటకు ఏ జంతువుపిల్లకు ఎన్ని దినములు పట్టునో, దాని తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి ఎన్ని పాళ్లున్నవో ప్రక్కప్రక్కన వ్రాసి చూచిరి. మానవశిశువునకు 180 దినములు. తల్లిపాలలో మాంసకృత్తులు ఒకటిన్నర పాళ్లు. గుఱ్ఱపుపిల్లకు 60 దినములు, 2 పాళ్లు. ఆవుదూడకు 47 దినములు, మూడున్నర పాళ్లు. మన సీమలో మందలుగా తిరుగు మేకపిల్లకు 22 దినములు, గొఱ్ఱెపిల్లకు 15 దినములు. పాలలో మాంసకృత్తులు మేకకంటె గొఱ్ఱెకు ఎక్కువ. పిల్లికూనకు తొమ్మిదిన్నర దినములు, 7 పాళ్లు. కుందేలుపిల్లకు 6 దినములే. దాని తల్లిపాలు ఇంకను చిక్కన. ఈ అంకెలు ఆనాటివి. నేటి పరిశోధనలలో కొన్ని కొంచెము మారినవి. కాని శీఘ్రముగా పెరుగు పిల్లకు చిక్కని పాలు అను వరుస మాత్రము మారలేదు.

దీనినిబట్టి చూడుడు. తల్లిపిల్లి పాలలో ఉండవలసిన మాంసకృత్తులలో సగమే ఆవుపాలలో ఉన్నవి. మన ఇండ్లలో పాలకు నీరు కలుపు అలవాటు కూడ కలదు. అప్పుడు అది సగములో సగము. మఱియు ఆవుపాలలోని చక్కెరను కూన ప్రేగులు సరిగా జీర్ణించుకొనలేవు. అందువలన విరేచనములు కలిగి శరీరములోని నీరు పోవును. చిన్నకూనకు నీరు పోవుట ప్రాణము పోవుటకు సమీపమైన విషయము. ఇంటివారి దయలో లోపము లేదు, పాలలోనే ఉన్నది.

కనుక తల్లిలేని కూనకు ఉత్తమమైనది మరియొక బాలింత పిల్లి. అది దొరకినచో, ఆ పిల్లి అంగీకరించినచో, అంతకు మించిన ఉపాయము లేదు. దొరకనప్పుడు పిల్లికూనలకొరకు ప్రత్యేకముగా తయారుచేసిన పాలపొడి పట్టణములలో అమ్ముదురు. మన పిల్లవాని తండ్రి దానిని అనంతపురమునుండి బస్సులో తెప్పించెను. దాని ధర విని అవ్వ నోటిపై వ్రేలు వేసికొనెనని చెప్పుదురు!

వైద్యుడు చెప్పిన రెండవ విషయము నాకు పాలకంటె ముఖ్యమైనదిగా తోచుచున్నది. చలిపట్టిన కూనకు పాలు పోయరాదు. మొదటి మూడు నాలుగు వారములు పిల్లికూన తన దేహమునందలి వేడిని తాను నిలుపుకొనలేదు. మొదటి వారమున దానికి వణకుటయైనను చేతకాదు. తల్లి యొడిలోనో తోడికూనల నడుమనో ఆ వేడిని పొందును. దేహము చల్లబడినప్పుడు కడుపు పనిచేయదు. అప్పుడు పోసిన పాలు లోపల పులిసి విషమగును. కావున ముందు వెచ్చజేయవలెను, తరువాతనే పాలు. వేడినీరు నింపిన సీసాకు మందపుగుడ్డ చుట్టి పెట్టెలో ఒక ప్రక్కన ఉంచిన చాలును. రెండవ ప్రక్క ఖాళీగా వదలవలెను. వేడి ఎక్కువైనప్పుడు కూన దూరముగా ప్రాకిపోవుటకు చోటుండవలెను గదా. అనంతపురము సీమలో ఎండకాలమున మధ్యాహ్నపు వేడియే అధికము కావచ్చును. కాని తెల్లవారుజామున బండపఱుపు నేలయు మగ్గపు గుంటయు చల్లబడును. తెల్లకూన చనిపోయినది తెల్లవారుజాముననే.

పాలు పట్టు విధానము కూడ తెలియవలెను. పసిబిడ్డను ఒడిలో వెల్లకిల పండుకొనబెట్టినట్లు కూనను పెట్టరాదు. అట్లు చేసిన పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. కూన తల్లికడ బోరగిల పండుకొనియే త్రాగును. మనమును అట్లే పట్టవలెను. మొదటి వారములలో రెండు మూడు గంటల కొకసారి, రాత్రులందు కూడ, పట్టవలసియుండును. దాని జీర్ణకోశము మిక్కిలి చిన్నది. 100 గ్రాముల కూన ఒక్కసారికి సుమారు 4 మిల్లీలీటర్లు, అనగా చిన్నచెంచాకు కొంచెము తక్కువ, మాత్రమే పట్టుకొనగలదు. ఇక్కడ కూడ తూకమే దారి చూపుచున్నది: బరువు తెలియనిదే ఎంత పాలు పోయవలెనో తెలియదు. మూడు వారముల వఱకు కూన తనంతట తాను మూత్రవిసర్జన చేయలేదు. తల్లి నాకుటవలన ఆ పని జరుగును. తల్లి లేనప్పుడు పాలు పట్టిన ప్రతిసారియు తడిగుడ్డతో మెల్లగా తుడువవలెను. ఇది వినుటకు వింతగా ఉండవచ్చును. తెలియకపోవుటవలన చనిపోయిన కూనలు మాత్రము అనేకము.

ఇక తూచు పద్ధతి. ప్రతిదినము ఒకే వేళకు తూచవలెను. పాలు త్రాగకముందు ఒకనాడు, త్రాగిన తరువాత మరియొకనాడు తూచినచో ఆ పాల బరువే పెరుగుదలగా కనిపించి మోసము జరుగును. ఒకే త్రాసు వాడవలెను. కూరగాయల అంగడిలోని త్రాసు ఇందుకు పనికిరాదు. అది 5 లేక 10 గ్రాముల తేడాను మాత్రమే చూపును. మనకు కావలసిన దినసరి పెరుగుదలయే 10 గ్రాములు! ఒక్కొక్క గ్రామును చూపగల త్రాసు ఉండవలెను. వంటింటి త్రాసు, కంసాలి త్రాసు, మన కథలోవలె పట్టునూలు తూచు త్రాసు ఇందుకు తగినవి. కూన కదలుచుండును గనుక లోతైన గిన్నెను త్రాసుపై ఉంచి, అంకెను సున్నకు తెచ్చి, పిమ్మట గిన్నెలో కూనను ఉంచవలెను. లోహపుగిన్నె చల్లగా ఉండును. గుడ్డముక్క పఱచినచో మేలు. ఆ గుడ్డను కూడ సున్నలో చేర్చుట మఱవరాదు. మొదటిదినమున పిల్లవాడు గుడ్డను మఱచి, చారలకూన ఒక్కసారి 9 గ్రాములు పెరిగినదని కేకలు వేసెనట!

మొదటి నాలుగు వారములు ప్రతిదినము, తరువాత రెండు నెలలు నిండువఱకు వారమునకు రెండుసార్లు, అటుపై వారమునకొకసారి తూచిన చాలును. వ్రాసిన అంకెలను గళ్లకాగితముపై చుక్కలుగా పెట్టి గీతతో కలుపవలెను. మీరు గణితములో రేఖాచిత్రములు నేర్చియున్నారు. అడ్డముగా దినములు, నిలువుగా గ్రాములు. ఆ గీత పైకి పోవుచున్నంతకాలము భయము లేదు. ఒక దినము సమముగా నిలిచినచో కూనను జాగ్రత్తగా పరిశీలింపవలెను: పండుకొను చోటు తడిసినదా, పాలు సరిగా కలిపితిమా, విరేచనములున్నవా, నోరు పాలిపోయినదా? పుట్టిన మొదటి దినమున స్వల్పముగా తగ్గుట కలదు. అటు తరువాత ఏ దినమున తగ్గినను ఆ దినమే వైద్యునికి చూపవలెను. రేపు చూతము అనుటకు చిన్నకూనకు రేపు ఉండకపోవచ్చును.

ఒక్క తూకమునకంటె గీతకే విలువ ఎక్కువ. పుట్టుకతో 80 గ్రాములే తూగిన కూన ప్రతిదినము 10 గ్రాములు పెరుగుచున్నచో దానికి భయము లేదు. 300 గ్రాములు తూగి మూడుదినములుగా కదలని కూనకు భయము కలదు. పొరుగింటి కూనతో పోల్చి విచారించువారు ఈ విషయమును గమనింపరు.

దొరకిన కూన వయస్సు తెలియనిచో తూకమును ఎట్లు అర్థము చేసికొనవలెను? వయస్సును తెలిసికొనుటకు గుర్తులు కలవు. కన్నులు ఏడు మొదలు పదునాలుగు దినములలో విచ్చును. పాలపండ్లు రెండు మూడు వారములకు ముందుభాగమున మొలచును. కోరపండ్లు మూడు నాలుగు వారములకు. ప్రక్కపండ్లు నాలుగు మొదలు ఆరు వారములకు. పాలపండ్లు మొత్తము 26. మూడున్నర నెలలు మొదలు ఆరు నెలల లోపల అవి ఊడి 30 పెద్దపండ్లు వచ్చును. చిన్నకూనల కన్నులన్నియు నీలముగానే ఉండును. ఆరు ఏడు వారముల తరువాతనే వాటి నిజమైన రంగు తేలును. నోరు తెఱచి పండ్లు చూచి, వయస్సు నిర్ణయించి, పిమ్మట తూకమును ఆ వయస్సుతో సరిచూడవలెను.

ప్రాణుల పెరుగుదలను ఇట్లు కొలిచి వ్రాయుట పాతకాలమునుండియే కలదు. ఇటలీలోని పాడువా నగరమున సాంక్టోరియసు అను వైద్యుడు త్రాసునకు కుర్చీని వ్రేలాడదీసి, దానిపై కూర్చుండి భుజించుచు, సుమారు 30 సంవత్సరములు తన బరువును తానే తూచుకొనెను. తినిన ఆహారపు బరువులో చాలభాగము కంటికి కనిపింపకుండ శరీరమునుండి పోవుచున్నదని కనుగొని 1614లో గ్రంథము ప్రకటించెను. ఫ్రాన్సు దేశమున మోంబెయార్ అను ఆయన 1759లో పుట్టిన తన కుమారుని ఎత్తును ఇంచుమించు ఆరునెలల కొకసారి పదునెనిమిదేండ్లు వచ్చువఱకు కొలిచి వ్రాసెను. ఒక బాలుని పెరుగుదలను అంత దీర్ఘకాలము వ్రాసియుంచిన మొదటి పట్టికగా దానిని శాస్త్రజ్ఞులు నేటికిని చెప్పుకొనుచున్నారు.

మన గ్రామములలోనే చూడుడు. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనది. నాటినుండి అంగన్‌వాడీ కేంద్రములలో చిన్నబిడ్డలను తూచి పెరుగుదల పటముపై చుక్కలు పెట్టుచున్నారు. మీ తమ్ముడో చెల్లెలో ఆ త్రాసుపై ఏడ్చుచుండగా మీరు చూచియుందురు. బత్తలపల్లిలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారి పెద్ద ఆసుపత్రి కలదు. అక్కడనే గాక ఏ ఆసుపత్రిలోనైనను శిశువు పుట్టిన వెంటనే వ్రాయు మొదటి అంకెలలో తూకమొకటి. రెండున్నర కిలోగ్రాములకు తక్కువగా పుట్టిన శిశువును ప్రత్యేకముగా కాపాడుదురు. వెచ్చదనము, తల్లిపాలు, తూకము — ఈ మూడే అక్కడను. పిల్లవాని తల్లి వైద్యుని మాటలు విని, "మా చిన్నోనికి చేసిందీ ఇదే కదా" అని ఆశ్చర్యపడినదట.

మరల మన కూనల కడకు వత్తము. క్రొత్తపాలు ఆరంభించిన మూడవనాటికి నల్లకూన గీత పైకి లేచినది. చారలది నెమ్మదిగా లేచినది. పండ్రెండవ తూకమునాడు నల్లది 11 గ్రాములు పెరుగగా చారలది ఒక్క గ్రామైనను పెరుగలేదు. అది ఆడుచునే ఉన్నది. పాలు త్రాగుచునే ఉన్నది. ఇంటివారు త్రాసు చెడినదేమో అనిరి. పిల్లవాడు పట్టునూలు చిలుపను తూచి త్రాసు బాగుగానే ఉన్నదని నిశ్చయించుకొనెను. తరువాత కూన పాదములను తాకి చూచెను. అవి చల్లగా ఉండెను. నల్లది బలమైనది గనుక వెచ్చని సీసా ప్రక్క చోటునంతను ఆక్రమించి, చారలదానిని అంచునకు నెట్టుచుండెను. రెండవ సీసా పెట్టిరి. మరునాటి తూకమున 8 గ్రాములు పెరుగుదల కనిపించినది. ఆ ఒక్కదినము తూచకయుండినచో ఏమగునో ఆ ఇంటిలో అందరికిని తెలియును.

నాలుగు వారములకు నల్లది 350, చారలది 310 గ్రాములు తూగినవి. రావలసిన 450 గ్రాములకు ఇది తక్కువే. కాని గీత ఎక్కడను విఱుగలేదు గనుక వైద్యుడు తృప్తిపడెను. అప్పుడే పురుగులమందు కూడ ఇచ్చిరి. పిల్లికూనలకు తల్లిపాలద్వారానే నులిపురుగులు సంక్రమించుచుండును. పొట్ట ఉబ్బి వెన్నెముక తేలియున్న కూనకు ఆహారము పెంచిన ప్రయోజనము లేదు, ముందు పురుగులు పోవలెను. మందు పరిమాణమును కూడ తూకమునుబట్టియే నిర్ణయింతురు.

పాలు మాన్పించు కాలమున ఒక చిక్కు వచ్చినది. ఆ ఇంటివారు శాకాహారులు. అవ్వ కూనలకు పెరుగన్నము పెట్టెను. అవి ఇష్టముగా తినినవి. గీత మాత్రము వాలినది. పిల్లి సింహము, పులి మొదలగువాని కుటుంబమునకు చెందిన జంతువు. మాంసముననే దొరకు కొన్ని పదార్థములు లేక అది జీవింపలేదు. వానిలో టారీను ఒకటి. అది లోపించినచో పిల్లి కంటిలోని తెర చెడి గ్రుడ్డిదగునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మనము కారెట్టు తిని అందులోని పసుపు పదార్థమును ఏ విటమినుగా మార్చుకొందుము. పిల్లి అట్లు మార్చుకొనలేదు. ఎదిగిన పిల్లి పెరుగన్నము తినియు బ్రదుకుచున్నదన్న, అది రాత్రివేళ పట్టిన ఎలుకల మహిమ. రెండునెలల కూనకు ఎలుకను పట్టు శక్తి యెక్కడిది?

ఇల్లు ఇల్లే, నియమము నియమమే. అవ్వ మనస్సు నొప్పింపకుండ ఉపాయము చేసిరి. ఎదురింటివారు వండుకొనునప్పుడు ఉప్పుకారములు వేయకముందు రెండు మూడు ఉడికిన కోడిమాంసపు తునకలు తీసియుంచుటకు ఒప్పుకొనిరి. కూనలు వారి అరుగుపై తిని తిరిగి వచ్చుచుండెను. వండిన కూర పెట్టరాదని వైద్యుడు గట్టిగా చెప్పెను. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణములను చెఱచును.

ఎనిమిది వారములు నిండినవి. నల్లది 820, చారలది 760 గ్రాములు. వెన్నుపై చేయి వేసినప్పుడు ప్రక్కటెముకలు తెలియుచుండెను గాని పైకి తేలియుండలేదు. అది మంచి పెరుగుదలకు గుర్తు. వ్యాధి నిరోధకపు సూదిమందు మొదటిది అప్పుడు వేసిరి. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి రాకుండ సూదిమందు వేయించిరి. పిల్లి కఱచినను గీఱినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వైద్యుని కడకు పోవలెనని ఆయన పిల్లవానికి మఱి మఱి చెప్పెను. ఎందుకనగా వాని చేతులపై అప్పటికే చాల గీతలుండెను.

నల్లదానిని ఎదురింటివారే ఉంచుకొనిరి. చారలది మగ్గపు గుంటకు తిరిగి వచ్చినది. నేను చివర చూచినప్పుడు ఆ ఇంటి గోడపై పాత క్యాలెండరు ఇంకను తగిలించియే ఉండెను. ముందుప్రక్కకు కాదు, వెనుకప్రక్కకు త్రిప్పి. చారలకూన పెద్దదై త్రాసు పళ్లెములో పండుకొనియుండెను. నూలు తూచవలసివచ్చి పిల్లవాడు దానిని లేపబోయెను. త్రాసుపై 3 కిలోగ్రాముల 240 గ్రాములని కనిపించుచుండెను. వాడు ఆ అంకెను క్యాలెండరుపై వ్రాసికొని, పిమ్మట పిల్లిని దింపెను.